వికృత వాంఛలు: వైద్యం కోరడం కూడా ధర్మమే

ఒకరోజు దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) సన్నిధికి ఒక యువకుడు వచ్చి, తనకు వ్యభిచారం చేయడానికి అనుమతి ఇవ్వమని అడిగాడు. అక్కడున్న సహచరులు నివ్వెరపోయారు. నోరు మూసుకోమని గద్దించారు. దైవప్రవక్త (సల్లం) మాత్రం అతన్ని దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకున్నారు. ఎవరైనా నీ తల్లి విషయంలో ఇలా చేస్తే నీకు ఇష్టమేనా అని అడిగారు. ఎంతమాత్రం ఇష్టం లేదన్నాడు ఆ యువకుడు. ఇతరులకు కూడా తమ తల్లుల విషయంలో అది ఇష్టం ఉండదని ఆయన (సల్లం) తెలియజేశారు. కుమార్తె గురించి, సోదరి గురించి, మేనత్త గురించి, పినతల్లి గురించి ఒక్కొక్కటిగా అదే ప్రశ్న వేశారు. ప్రతిసారీ అదే సమాధానం వచ్చింది. చివరికి అతనిపై తమ చేతిని ఉంచి, ఇతని పాపాన్ని మన్నించమని, ఇతని హృదయాన్ని పరిశుద్ధం చేయమని, ఇతని శీలాన్ని కాపాడమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ తర్వాత ఆ యువకుడు అలాంటి వాటి వైపు మళ్ళలేదు. హజ్రత్ అబూ ఉమామా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన ముస్నద్ అహ్మద్‌లో ఉంది.

జుమా ప్రసంగాల్లో ఈ హదీసును మనం తరచూ వింటూ ఉంటాం. దైవప్రవక్త (సల్లం) ఓర్పుకు, బోధనా పద్ధతికి ఉదాహరణగా చెబుతారు. అది నిజమే. కానీ ఇందులో మరో విషయం కూడా ఉంది. ఆ యువకుడు తప్పు చేసిన తర్వాత రాలేదు, చేయకముందే వచ్చాడు. మనసులో ఉన్నది చెప్పుకోవడానికి అతనికి ఒక చోటు దొరికింది. చుట్టూ ఉన్నవారు గద్దించినట్లే ఆ చోటులోనూ గద్దింపే ఎదురై ఉంటే, అతను తలవంచుకుని వెళ్ళిపోయేవాడు. కోరిక మాత్రం అతనితోనే వెళ్ళేది.

ఆ యువకుడి కోరిక నిషిద్ధమైనదే అయినా, మనుషుల్లో సాధారణంగా కనిపించేదే. దానికంటే చెప్పుకోలేని కోరికలతో సతమతమయ్యేవారు కూడా మన మధ్య ఉంటారు. మన మస్జిదులో మన పక్కనే సఫ్‌లో నిలబడేవారు కావచ్చు. మన ఇంట్లోనివారే కావచ్చు. ఇతరులకు హాని చేసే లైంగిక వాంఛల గురించి, వాటికి వైద్యం తీసుకోవలసిన అవసరం గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇది ఇబ్బంది కలిగించే విషయమే. అయితే ధర్మ విషయాలు నేర్చుకోవడానికి సిగ్గు అడ్డు రానివ్వలేదని అన్సారు స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్న సంగతి మనకు తెలుసు. ఇంటి పెద్దలు ముందు తాము చదివి, పిల్లలకు వారి వయసుకు తగినంత చెప్పగలరు.

ఏది రోగం?

కొందరికి ఇతరుల ఆంతరంగిక క్షణాలను దొంగచాటుగా చూడాలన్న కోరిక పదే పదే కలుగుతుంది. కొందరు తెలియనివారి ముందు తమ శరీరాన్ని బయటపెట్టుకుంటారు. కొందరు కిక్కిరిసిన బస్సుల్లో, జాతరల్లో పరాయి స్త్రీలను తాకడం కోసమే వెళతారు. ఎదుటి వ్యక్తి భయం, బాధ, నిస్సహాయతలలోనే తృప్తి వెదికేవారు ఉన్నారు. అన్నిటికంటే తీవ్రమైనది, యుక్తవయసు రాని పిల్లల పట్ల కలిగే వాంఛ. వైద్యులు వీటిని కలిపి పారాఫిలిక్ డిజార్డర్లు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టిక పదకొండవ కూర్పులో వీటికి విడివిడిగా చోటు ఉంది.

2013లో వెలువడిన అమెరికా మానసిక వైద్యుల సంఘం గ్రంథం ఇక్కడ ఒక విభజన చేసింది. కోరిక అసాధారణమైనది అయినంత మాత్రాన దాన్ని రోగం అనరు. ఆ కోరిక దీర్ఘకాలం కొనసాగుతూ ఆ వ్యక్తికే తీవ్రమైన వేదన కలిగిస్తున్నప్పుడు, లేదా ఇతరులకు హాని చేసినప్పుడు, చేసే ప్రమాదం ఉన్నప్పుడు మాత్రమే దాన్ని రుగ్మతగా గుర్తిస్తారు.

ఇక్కడ మనం ఒక పొరపాటుకు లోనుకాకూడదు. ధర్మం నిషేధించిన ప్రతిదీ వైద్యుల దృష్టిలో రోగం కాదు. వ్యభిచారం ఘోరపాపమే, కానీ అది మానసిక వ్యాధి కాదు. అలాగే వైద్యులు రోగం అన్నంత మాత్రాన ఆ పని పాపం కాకుండా పోదు. జ్వరం వచ్చినవాడు నమాజును కూర్చుని చేయవచ్చు గాని, జ్వరం పేరు చెప్పి పొరుగువాడి సొమ్ము తీసుకోలేడు కదా! వాంఛ కలగడం అతని చేతుల్లో లేకపోవచ్చు, చెయ్యి చాచడం మాత్రం అతని చేతుల్లోనే ఉంది. కోర్టు ముందు, అల్లాహ్ ముందు అతను జవాబు చెప్పుకోవలసింది ఆ చాచిన చేతికే.

ఈ రుగ్మతలు ఎక్కువగా మగవారిలో కనిపిస్తాయి. చాలామందిలో యుక్తవయసులోనే మొదలవుతాయి. ఫలానాదే కారణమని చూపడానికి ఒకే ఒక్క కారణం లేదు. చిన్నతనంలో అత్యాచారానికి గురైనవారు పెద్దయ్యాక ఇలా మారతారన్న మాట మనవాళ్ళలో బాగా ప్రచారంలో ఉంది. బాధితుల్లో అత్యధికులు ఎవరికీ ఏ హానీ చేయకుండా జీవిస్తారు. అసలే గాయపడిన పిల్లవాడిని ఆ అనుమానంతో చూడటం రెండో అన్యాయం.

ఇంటి గడప, మనిషి చూపు

ఇతరుల ఆంతరంగికతను చూపుతో ఉల్లంఘించడాన్ని మన ధర్మం ఎంత తీవ్రంగా పరిగణిస్తుందో చూడండి. ఒక వ్యక్తి దైవప్రవక్త (సల్లం) గది తలుపు సందులోంచి లోపలికి తొంగి చూశాడు. ఆ సమయంలో ఆయన (సల్లం) చేతిలో తల దువ్వుకునే ఇనుప పరికరం ఉంది. నువ్వు చూస్తున్నావని నాకు తెలిసి ఉంటే దీంతో నీ కంట్లో పొడిచేవాణ్ణని హెచ్చరించి, లోపలికి రావడానికి అనుమతి అడగాలన్న నియమాన్ని పెట్టిందే చూపు కారణంగా అని వివరించారు. హజ్రత్ సహ్ల్ బిన్ సాద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది. వ్యభిచారానికి అనుమతి అడిగినవాణ్ణి దగ్గరకు తీసిన కారుణ్యమూర్తి, తొంగి చూసినవాణ్ణి ఇంత కఠినంగా హెచ్చరించారు! మొదటివాడు మనసులో ఉన్నది చెప్పుకున్నాడు. రెండోవాడు అప్పటికే మరొకరి హక్కును భంగపరిచాడు.

నేటి తలుపు సందు సెల్‌ఫోన్ కెమెరా. స్నానాల గదుల్లో, బట్టల దుకాణాల ట్రయల్ రూముల్లో, హాస్టళ్ళలో రహస్యంగా చిత్రీకరించడం మన దేశ చట్టంలో 2013 నుంచి ప్రత్యేక నేరం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ ప్రకారం మొదటిసారి దోషిగా తేలితే ఏడాది నుంచి మూడేళ్ళు, మళ్ళీ చేస్తే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. మన యువకులు కొందరు దీన్ని ఆకతాయితనం అనుకుంటారు. స్నేహితుడి ఫోన్‌లో చూసి ఊరుకునేవారూ ఉన్నారు.

తలపునకు, పనికి మధ్య

వాంఛతో పోరాడే వ్యక్తిని ముందుగా కుంగదీసేది ఒక్క ఆలోచనే. ఇలాంటి తలపు వచ్చిందంటేనే నేను నాశనమైపోయాను, నా నమాజు నమాజే కాదు అనుకుంటాడు. ఈ నిరాశే షైతానుకు కావలసింది. ఎలాగూ చెడిపోయాను కదా, ఇక ఆగడం ఎందుకు అనిపిస్తాడు.

బుఖారీ, ముస్లింలలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం ఉంది. ఈ సమాజంవారి మనసుల్లో మెదిలే తలపులను, వాటిని నోటితో పలకనంత వరకు, చేతలకు దిగనంత వరకు అల్లాహ్ ఉపేక్షించాడని దైవప్రవక్త (సల్లం) తెలియజేశారు. అంతేకాదు. చెడు తలపెట్టి దాన్ని చేయకుండా ఆగిపోయినవాడికి ఒక సంపూర్ణ పుణ్యం రాయబడుతుందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనంలో ఉంది. కోరిక ఉండి కూడా అల్లాహ్ భయంతో ఏళ్ళ తరబడి తనను తాను అదుపులో ఉంచుకున్న వ్యక్తి, ఆ కోరికే లేని మనలాంటివారికి తెలియని ఒక జిహాద్ చేస్తున్నాడు. అతని కర్మల పత్రంలో ఎన్ని పుణ్యాలు చేరాయో అల్లాహ్‌కే తెలుసు.

ఇక్కడ మరో రకం బాధితుల గురించి తప్పక చెప్పాలి. కొందరికి పసిబిడ్డను ఎత్తుకున్నప్పుడు, ఖుర్ఆన్ చదువుతున్నప్పుడు, హఠాత్తుగా అసహ్యమైన ఆలోచన మెదులుతుంది. వారికి ఆ పని మీద ఏ కోరికా ఉండదు. ఆ ఆలోచనకే వణికిపోతారు. బిడ్డను ముట్టుకోవడం మానేస్తారు, పదే పదే వజూ చేస్తారు, నేను రాక్షసుణ్ణా అని కుమిలిపోతారు. చాలాసార్లు ఇది వికృత వాంఛ కానే కాదు. ఓసీడీ అనే వేరే జబ్బు, మనం వస్‌వసా అనేదే. ఈ రెండింటినీ వేరు చేసి చెప్పగలిగేది మానసిక వైద్యుడే. సహాబాలలో కొందరు దైవప్రవక్త (సల్లం) వద్దకు వచ్చి, నోట పలకడానికి కూడా ధైర్యం చాలని తలపులు వస్తున్నాయని మొరపెట్టుకున్నారు. వాటిని అంత ఘోరంగా భావించడమే స్పష్టమైన విశ్వాసానికి గుర్తని ఆయన (సల్లం) ఊరడించారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. తొమ్మిది, పదో శతాబ్దాలలో జీవించిన బల్ఖ్ నగర పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ దేహ, మానసిక ఆరోగ్యాలపై రాసిన గ్రంథంలో వస్‌వసాకు ఒక అధ్యాయమే కేటాయించి, దాన్ని చికిత్స చేయవలసిన బాధగా చర్చించాడు. మనసుకు రోగం వస్తుందన్న మాట పాశ్చాత్యుల నుంచి మనం అరువు తెచ్చుకున్నది కాదు.

షైతాను అడుగుజాడలు

నూర్ సూరా 21వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను షైతాను అడుగుజాడల్లో నడవవద్దని హెచ్చరించాడు. అడుగుజాడలు అన్న మాటను గమనించండి. షైతాను మనిషిని ఒక్క గంతులో గోతిలో పడేయడు. ఒక్కో అడుగూ వేయిస్తాడు. బనీ ఇస్రాయీల్ సూరా 32వ ఆయతులో కూడా వ్యభిచారం చేయవద్దని మాత్రమే కాదు, దాని దరిదాపులకు కూడా పోవద్దన్న ఆజ్ఞ ఉంది.

మానసిక వైద్యులు చేసే చికిత్సలో ప్రధాన భాగం సరిగ్గా ఇదే. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే పద్ధతిలో, తప్పు జరిగిన క్షణం నుంచి వెనక్కు నడిపిస్తారు. ఆ రోజు ఏం జరిగింది? దుకాణంలో యజమానితో గొడవ. ఇంటికి రాగానే ఎవరితోనూ మాట్లాడలేదు. ఇషా తర్వాత ఒంటరిగా ఫోన్ పట్టుకున్నాడు. ఒక గంట ఫలానా చిత్రాలు చూశాడు. మర్నాడు అవసరం లేకపోయినా బడి వదిలే వేళకు ఆ వీధిలోంచి వెళ్ళాడు. ఇందులో ప్రతిదీ అతనికి విడిగా చూస్తే నేరంలా అనిపించదు. అన్నీ కలిస్తే ఒక గొలుసు. చివరి లంకె దగ్గర ఆగడం చాలా కష్టం, మొదటి రెండు లంకెల దగ్గర తెంచడం సాధ్యం. కాబట్టి ఒంటరితనం వచ్చినప్పుడు ఏం చేయాలి, ఫోన్ రాత్రిపూట ఎవరి గదిలో ఉండాలి, ఏ దారిలో వెళ్ళకూడదు, పిల్లలతో ఒంటరిగా ఉండవలసిన ఏ పనులు ఒప్పుకోకూడదు అన్నవి ముందే రాసి పెట్టుకునేలా చేస్తారు. పిల్లల పట్ల వాంఛ ఉన్నట్లు తనకు తెలిసిన వ్యక్తి ట్యూషన్ చెప్పడం, పిల్లలకు ఖుర్ఆన్ నేర్పడం వంటి పనులకు దూరంగా ఉండాలి. ఆ పని ఎంత పుణ్యకార్యమైనా సరే.

థెరపీలో మరో భాగం, తాను ఎవరికి హాని చేస్తున్నాడో వారి స్థానంలో నిలబడి చూడటం. ఆ యువకుడిని తల్లి, కూతురు, సోదరి అంటూ ఒక్కొక్క మెట్టూ నడిపించిన ప్రశ్నలు గుర్తుకు రావడం లేదా?

మందులు కూడా ఉన్నాయి. డిప్రెషన్‌కు, ఓసీడీకి ఇచ్చే కొన్ని మందులు ఈ వాంఛల ఉద్ధృతిని తగ్గిస్తాయి. ప్రమాదం ఎక్కువగా ఉన్నప్పుడు పురుష హార్మోన్‌ను తగ్గించే మందులు, ఇంజెక్షన్లు ఇస్తారు. వీటివల్ల ఎముకలు బలహీనపడటం వంటి దుష్ఫలితాలు ఉంటాయి కాబట్టి నిపుణుల పర్యవేక్షణ, రోగి అంగీకారం తప్పనిసరి. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు పిల్లల పట్ల వాంఛ ఉన్న 52 మందిపై చేసిన ప్రయోగం ఫలితాలు 2020లో వెలువడ్డాయి. వారంతా సహాయం కోసం తామే ముందుకొచ్చినవారు. అలాంటి ఒక్క ఇంజెక్షన్‌తో రెండు వారాల్లోనే వారిలో ప్రమాద సూచికలు తగ్గినట్లు తేలింది.

ఇలా హార్మోన్‌ను తగ్గించడం ధర్మసమ్మతమేనా అన్న సందేహం రావచ్చు. తమను నపుంసకులుగా మార్చుకోవాలన్న ఆలోచనను దైవప్రవక్త (సల్లం) నిరాకరించారు. అదే సమయంలో పెళ్ళి చేసుకోలేని యువకులను ఉపవాసాలు పాటించమని, అది కోరికను అణచుతుందని బోధించారు. ఈ ఉపవాసం హదీసు ఆధారంగానే, కోరికను తగ్గించే మందు వాడవచ్చని పూర్వపు వ్యాఖ్యాత ఖత్తాబీ అన్నారు. ఇబ్నె హజర్ అస్ఖలానీ ఫత్‌హుల్ బారీలో ఆ మాటను ప్రస్తావిస్తూ, అది కోరికను శాంతింపజేసే మందుకు వర్తిస్తుందే గాని శాశ్వతంగా తెంచివేసేదానికి కాదని వివరించారు. నేడు వాడుతున్న ఈ మందుల ప్రభావం, వాడకం ఆపాక సాధారణంగా తగ్గిపోతుంది. ఎవరికైనా ఇంకా సందేహం ఉంటే తమ వైద్యుని సలహాతో పాటు నమ్మకమైన ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు.

వైద్యం వాంఛను పూర్తిగా తుడిచేస్తుందని చెప్పలేం. చాలామందిలో అది కొంత మిగిలే ఉంటుంది. షుగర్ వ్యాధి ఉన్నవారు జీవితాంతం అదుపులో పెట్టుకున్నట్లే ఇక్కడా అదుపే లక్ష్యం. జర్మనీ రాజధాని బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి 2005లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పిల్లల పట్ల వాంఛ ఉండి, నేరం చేయకూడదనుకునేవారు రహస్యంగా వచ్చి ఉచితంగా చికిత్స పొందవచ్చని బహిరంగంగా ప్రకటించింది. వాంఛ నీ తప్పు కాదు, నడవడికకు మాత్రం బాధ్యత నీదే అన్నది వారి సూత్రం. ఆ పిలుపు విని జర్మనీ నలుమూలల నుంచి మనుషులు తమంతట తామే వచ్చారు.

అరుదుగానైనా శరీరంలోని జబ్బు కూడా కారణం కావచ్చు. అమెరికాలోని వర్జీనియాలో 2000 సంవత్సరంలో 40 ఏళ్ళ ఉపాధ్యాయుడొకరు, అంతకుముందు ఏనాడూ లేని వికృత వాంఛలకు లోనై శిక్ష పడబోయే ముందురోజు తలనొప్పితో ఆసుపత్రికి వచ్చాడు. స్కానింగ్‌లో మెదడు ముందు భాగంలో కోడిగుడ్డంత కణితి బయటపడింది. దాన్ని తొలగించాక వాంఛ పోయింది. కొన్ని నెలల తర్వాత మళ్ళీ వాంఛ మొదలైనప్పుడు చూస్తే కణితి తిరిగి పెరిగింది. 2003లో వైద్య పత్రికలో ప్రచురితమైన ఈ కేసు చాలా అరుదైనది, ప్రతి నేరస్థుడికీ ఇది సాకు కాజాలదు. కానీ జీవితమంతా మర్యాదగా బతికిన పెద్దాయన అరవై దాటాక ఉన్నట్టుండి సిగ్గు విడిచి ప్రవర్తిస్తుంటే, తిట్టి గదిలో పెట్టే ముందు న్యూరాలజిస్టుకు చూపించాలి. కొన్ని రకాల మతిమరుపు వ్యాధులు, పార్కిన్‌సన్ జబ్బుకు వాడే కొన్ని మందులు ఇలాంటి మార్పు తెస్తాయి.

పాపాన్ని కప్పడం వేరు, రోగాన్ని దాచడం వేరు

ఇంత వరకు చదివినవారికి ఒక ప్రశ్న కలగవచ్చు. అల్లాహ్ కప్పి ఉంచిన దాన్ని మనం బయటపెట్టుకోవచ్చా? రాత్రి చేసిన పాపాన్ని తెల్లవారి తానే చాటుకునేవారికి క్షమాపణ లేదన్న హదీసు ఉంది కదా?

ఉంది. అది ముజాహిరీన్‌ల గురించి, అంటే సిగ్గు లేకుండా, గొప్పగా చాటుకునేవారి గురించి. డాక్టరు గదిలో తలుపు మూసుకుని, కన్నీళ్ళతో, బయటపడే దారి కోసం చెప్పుకునేవాడు చాటుకుంటున్నాడా? స్త్రీ వైద్యం కోసం అవసరమైన మేరకు శరీరాన్ని వైద్యునికి చూపడాన్ని ధర్మవేత్తలు అనుమతించారు. శరీరానికి ఉన్న వెసులుబాటు మనసుకు ఎందుకు ఉండదు? పల్లెవాసులు వచ్చి మేము వైద్యం చేయించుకోవచ్చా అని అడిగినప్పుడు, చేయించుకోండి, వృద్ధాప్యానికి తప్ప మందు లేని రోగాన్ని అల్లాహ్ సృష్టించలేదని దైవప్రవక్త (సల్లం) చెప్పిన విషయం అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. ఆ మాటలో శరీర రోగాలకే అన్న షరతు లేదు.

యూసుఫ్ (అలై) ఉదంతం చూడండి. ఆయన కారాగారాన్నైనా కోరుకుని, నీవు కాపాడకపోతే నేను వారి వైపు మొగ్గిపోతానేమో అని ప్రభువును వేడుకున్నారు. ఒక ప్రవక్త తన మీద తాను ధీమా పెట్టుకోలేదు. కానీ అంతకుముందు, గదిలో ఆ స్త్రీ తలుపులు మూసినప్పుడు, ఆయన దుఆతో సరిపెట్టుకుని నిలబడలేదు. తలుపు వైపు పరుగెత్తారు. మన కాలంలో ఆ పరుగు ఆసుపత్రి వైపు కావచ్చు. నమాజు, ఉపవాసం, తౌబా, దుఆ ఇవన్నీ మందుతో పాటు సాగవలసినవే. ఆమిల్‌ల దగ్గర తాయెత్తులు కట్టించి, జిన్ను పట్టిందని వేలకు వేలు పోసి, రెండేళ్ళు గడిచాక చూస్తే రోగం అలాగే ఉంటుంది. ఈలోగా ఎవరో ఒక బిడ్డ బలైపోయి ఉండవచ్చు.

ఇంటివారు చేసే రెండు పనులు

ఇంట్లో విషయం తెలిసినప్పుడు పెద్దలు సాధారణంగా మొదట చెప్పే మాట, పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయని. నికాహ్ శీలానికి కోట అన్నది నిజమే. అయితే అది ఈ రుగ్మతలకు మందు కాదు. ఏమీ తెలియని ఒక ఆడపిల్లను మందు సీసాలా తెచ్చి ఇంట్లో పెట్టడం నికాహ్ ఉద్దేశం కాదు. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వర్తకుణ్ణి చూసి, మోసం చేసేవాడు మావాడు కాదన్నారు దైవప్రవక్త (సల్లం). ధాన్యం విషయంలోనే అంత మాట అంటే, మరొకరి కూతురి జీవితం విషయంలో ఏమంటారో ఊహించుకోండి. చికిత్స మొదలై, వైద్యుడు ధైర్యం చెప్పిన తర్వాత నిజం తెలిసి ఒప్పుకున్న సంబంధం చేసుకోవడంలో తప్పు లేదు.

రెండో పని ఇంకా ఘోరం. బిడ్డ వచ్చి మామూ ఇలా చేశాడనో, చిచ్చా ఇలా చేశాడనో చెబితే, ఖాందాన్ పరువు కోసం బిడ్డ నోరే నొక్కడం. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి వెలువరించిన అధ్యయనంలో 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపును ఎదుర్కొన్నట్లు చెప్పారు. వారిలో సగానికి పైగా మగపిల్లలు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారో, నమ్మకమైన స్థానంలో ఉన్నవారో. ఈ శాతం ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

నీ సోదరుడు పీడకుడైనా పీడితుడైనా అతనికి తోడ్పడమని దైవప్రవక్త (సల్లం) బోధించినప్పుడు, పీడకుడికి ఎలా తోడ్పడాలని సహాబాలు అడిగారు. అతన్ని ఆ పీడన నుంచి ఆపడమే అతనికి తోడ్పాటు అని సమాధానమిచ్చారు. తమ్ముణ్ణి కాపాడుతున్నానని అనుకుంటూ నిజాన్ని దాచే అన్న, తమ్ముణ్ణి మరో పాపం వైపు నెడుతున్నాడు. చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, రెండూ పడవచ్చు. తెలియజేయవలసిన బాధ్యత తండ్రికైనా, మద్రసా బాధ్యునికైనా, మస్జిద్ కమిటీకైనా ఉంటుంది. పంచాయితీ పెట్టి, తౌబా చేయించి, ఊరు మార్చి పంపేయడం పరిష్కారం కాదు. కొత్త ఊళ్ళోనూ పిల్లలు ఉంటారు. అతనికి చికిత్స అవసరమే, కానీ అది శిక్షకు బదులు కాదు.

పిల్లలకు పదేళ్ళు వచ్చేసరికి పడకలు వేరు చేయమన్న హదీసును, ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించుకునే వేళ, ఇషా తర్వాత గదిలోకి అనుమతి అడిగి రావాలన్న నూర్ సూరా 58వ ఆయతును మన ఇళ్ళలో ఎంతవరకు పాటిస్తున్నాం? పెళ్ళిళ్ళకు చుట్టాలంతా దిగినప్పుడు పిల్లలను ఎవరి పక్కన పడితే వారి పక్కన పడుకోబెట్టే అలవాటు మనకు ఇంకా పోలేదు.

ఎక్కడికి వెళ్ళాలి?

హైదరాబాదులో ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులోని నిమ్‌హాన్స్ ప్రభుత్వ సంస్థలు. బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలు ఉంటాయి. ఎర్రగడ్డ పేరు చెప్పి ఎగతాళి చేసే అలవాటు మన హైదరాబాదీల్లో ఉంది. ఆ ఎగతాళికి భయపడే ఎందరో ఆ గేటు దాటరు. నేరుగా వెళ్ళడానికి వెనుకాడేవారు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. పిల్లల ఆపదకు 1098 ఉంది.

డాక్టరు దగ్గర ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలామంది నిద్రపట్టడం లేదనో, నీరసమనో చెప్పి ఆ మందులు తీసుకుని వచ్చేస్తారు. అసలు మాట చెప్పలేకపోతే ఒక కాగితంపై రాసి ఇవ్వవచ్చు. నాకు ఇలాంటి కోరికలు వస్తున్నాయి, ఎప్పటి నుంచి వస్తున్నాయి, ఇంతవరకు ఏం జరిగింది, ఏమి జరుగుతుందని భయపడుతున్నాను, ఈ నాలుగు మాటలు చాలు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి విషయాలను గోప్యంగా ఉంచాలని నిర్దేశించింది. దానికి ఒక హద్దు ఉంది. మరొకరికి హాని జరగకుండా ఆపడానికి అవసరమైతే, పిల్లలపై నేరం అప్పటికే జరిగి ఉంటే వైద్యుడు తెలియజేయవలసి వస్తుంది. నేరం జరగకముందు, తలపు దశలోనే వెళ్ళినవాడికి ఈ చిక్కు చాలావరకు ఎదురుకాదు.

ఇమాములకు, మస్జిద్ పెద్దలకు ఒక మనవి. ఎవరైనా యువకుడు ఇలాంటి మాటతో మీ దగ్గరకు వస్తే, ముందు అతను ఎవరికైనా హాని చేశాడా, ఇప్పుడు ఏ బిడ్డయినా ప్రమాదంలో ఉందా అని అడిగి తెలుసుకోండి. ఉంటే ఆ బిడ్డ భద్రతే మొదటిది, దాన్ని రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. లేకపోతే అతని మాట మరొకరి చెవిన పడనివ్వకండి. దుఆ చేయండి. వీలైతే మొదటిసారి ఆసుపత్రికి మీరే వెంట వెళ్ళండి.